మూతపడ్డ బావి మెయిల్ డబ్బా

మా ఏరియా ఆఫీసులో మెయిల్ సర్వర్ ఉండే గది తలుపు పక్కన గోడ మీద ఒక గుట్కా ఉమ్మి మరక ఉండేది. సున్నం వేసినప్పుడల్లా కొన్నాళ్లు కనబడకుండా పోయి, మళ్లీ అదే చోట తేలేది. ఎవరు ఉమ్ముతారో అందరికీ తెలుసు. ఎవరూ అడగరు. కొత్త సర్వర్ ప్లాను కోసం నేను తయారుచేసిన మొదటి కాగితంలో మొదటి అంశంగా ఆ గోడ కడిగించాలని రాశాను. కమిటీ దాన్ని కొట్టేసింది. సర్వర్‌కూ గోడకూ ఏం సంబంధమని అడిగారు. ఇప్పుడు ఆ సంగతులన్నీ రాద్దామని కూర్చుంటే ముందుగా కళ్ల ముందుకొచ్చేది ఆ మరకే.

నేను గోదావరిఖనిలో, బొగ్గు కంపెనీ ఏరియా ఆఫీసు కంప్యూటర్ సెక్షన్‌లో పనిచేస్తాను. ఈ ఉద్యోగం నాకు మా బాపు ఊపిరితిత్తులు పాడైపోవడం వల్ల వచ్చింది. మా దగ్గర ఈ మాట చెప్పుకోవడానికి ఎవరూ సిగ్గుపడరు. భూగర్భంలో పనిచేసి జబ్బుపడ్డ కార్మికుణ్ణి మెడికల్ బోర్డు పరీక్షించి, ఇక పని చేయలేడని తేలిస్తే, అతని పిల్లల్లో ఒకరికి కొలువు ఇస్తారు. కాకపోతే రిటైర్మెంటు బాగా దగ్గరపడక ముందే బోర్డు ముందు నిలబడాలి. ఆ గడువు ఒక్క రోజు దాటినా పిల్లలకు ఏమీ రాదు. మా బాపును బోర్డుకు పిలిచిన కాగితాన్ని ఒక ప్యూను సైకిల్ మీద తెచ్చాడు. క్వార్టర్ల లైను మొదట్లోనే బెల్లు కొడుతూ, బాపును పేరు పెట్టి పిలుస్తూ వచ్చాడు. రిజిస్టర్‌లో సంతకం పెట్టించుకుని, మా అమ్మ ఇచ్చిన మంచినీళ్లు తాగి వెళ్లాడు. ఆ కాగితం ఆ రోజు మా గడపలోకి రాకపోతే నేను ఈపాటికి బజార్లో ఏ బట్టల దుకాణంలోనో చీరలు మడతపెడుతూ ఉండేదాన్ని.

మా లైన్లోనే, మా ఇంటికి నాలుగు క్వార్టర్ల అవతల, బాబాయి వరసయ్యే ఒక కాక ఉంటాడు. మా బాపూ ఆయనా ఒకే బావిలో, ఒకే షిఫ్టులో దిగినవాళ్లు. బొగ్గు గనిని ఇక్కడ బావి అనే అంటారు. ఆ బావి మూతపడ్డాక కాకను పక్క బావికి మార్చారు. ఆయనకు ఆయాసం. నాలుగు మాటలు మాట్లాడితే ఐదో మాటకు ఆగి గాలి పీల్చుకోవాలి. ఒక్కతే కూతురు. డిగ్రీ చదివి బజార్లో బట్టల దుకాణంలో పనిచేస్తోంది. నేను చెబుతున్న ఏడాది ఎండాకాలంలో కాక బోర్డుకు అర్జీ పెట్టుకున్నాడు. దసరా నెల దాటితే ఆయన గడువు అయిపోతుంది. ఆ అమ్మాయికి కొలువు వస్తుందా, జీవితమంతా దుకాణంలో నిలబడే ఉంటుందా అన్నది ఆ ఒక్క పిలుపు మీద ఉంది. అప్పటి నుంచి నేను స్కూటీ తీస్తున్నప్పుడల్లా కాక గేటు దగ్గర నిలబడి ఒకే మాట అడిగేవాడు.

“నా కాయితం వచ్చిందా బిడ్డా?”

ఇంకా రాలేదని చెప్పేదాన్ని. ఇప్పుడు అన్నీ మెయిల్‌లోనే వస్తాయని, సైకిల్ బెల్లు కోసం చూడాల్సిన పని లేదని, బోర్డు కూర్చునే కంపెనీ దవాఖానలో బటన్ నొక్కితే బావి ఆఫీసులో పడుతుందని ధైర్యం చెప్పేదాన్ని. కంప్యూటర్ సెక్షన్‌లో ఉన్నదాన్ని కదా, ఆయన నా మాట నమ్మేవాడు.

అసలు మా ఆఫీసులో మెయిల్ అంటే ఏమిటో చెప్పాలి. మెయిల్ వచ్చిందంటే ఒక గుమాస్తా దాన్ని తెరిచి ప్రింటు తీస్తాడు. ప్రింటు మీద ఇన్‌వర్డ్ ముద్ర వేసి నంబరు రాస్తాడు. అది తపాలా కట్టలో చేరి సార్ టేబుల్ మీదికి వెళుతుంది. సార్ ఎర్ర పెన్నుతో ఒక మూల సంతకం గీకి, ఎవరు చూడాలో రాస్తారు. వాళ్లు తమ వంతుగా ఇంకో గీత గీకి ఇంకొకరికి పంపుతారు. జవాబును సార్ చేత్తో కాగితం మీద రాస్తే గుమాస్తా దాన్ని టైపు చేసి మెయిల్ కొడతాడు. క్షణంలో వచ్చిన కబురు వారం రోజులు టేబుళ్ల మీద పొర్లుతుంది. సార్ల పాస్‌వర్డులు గుమాస్తాల టేబుల్ అద్దం కింద చీటీల మీద ఉంటాయి. తమ మెయిల్ తాము తెరవడం చిన్నతనం అనుకుంటారు. కాగితం వస్తే చదవరు, గీత గీకుతారు. గీత పడితే పని అయిపోయినట్టు. మొదట్లో ఇదంతా చూసి నాకు నవ్వొచ్చేది. తర్వాత చిరాకొచ్చింది. సర్వర్ మార్చిన ఏడాది మాత్రం ఒట్టి అసహ్యం వేసింది.

పాత సర్వర్ ఆయుష్షు ఎప్పుడో తీరిపోయింది. డిస్కు నిండిపోయి మెయిళ్లు మధ్యలోనే ఆగిపోయేవి. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగు జరిగినప్పుడు కిటికీ అద్దాలతో పాటు అదీ గడగడలాడేది. ఏసీ నుంచి నీళ్లు కారుతుంటే కింద బక్కెట్టు పెట్టారు. ఆ బక్కెట్టులో తాగిన టీ కప్పులు పడేసేవాళ్లు, అవి ఉబ్బి తేలుతూ ఉండేవి. ఎండాకాలం రామగుండం వేడికి ఆ గది పొయ్యిలా కాగుతుంటే, ఆ ఒక్క ఏసీని కూడా ఊడదీసి తన చాంబర్లో పెట్టించాలని ఒక ఆఫీసరు కాగితం పెట్టాడు. మిషన్‌కు చెమట పడుతుందా అని ఆయన వాదన.

ఇక తప్పదని హెడ్డాఫీసు నుంచి సర్క్యులర్ వచ్చింది. కొత్త సర్వర్ ఇస్తాం, ప్రతి ఏరియా తన ప్లాను పంపాలి అని దాని సారాంశం. ఒక్కో ఆఫీసుకూ ఒక్కో బావికీ దాని పేరు మీద ఉండే మెయిల్ ఖాతాను మావాళ్లు డబ్బా అంటారు. ఏ డబ్బాలు ఉంచాలి, ఏవి తీసేయాలి, ఎవరికి ఎంత చోటు ఇవ్వాలి, ఏ రోజు మార్చాలి, అన్నీ ప్లానులో రాయాలి. కమిటీ వేశారు. యంత్రాల విభాగంలో జీవితమంతా గడిపిన ఒక సీనియర్ ఆఫీసరు చైర్మన్. ప్లాను రాయడం, మినిట్స్ రాయడం, టీ వచ్చిందా లేదా చూడటం నా పని.

మీటింగులు వారం వారం జరిగాయి. ప్రతి మీటింగుకూ మిర్చి బజ్జీలు ఉండాల్సిందే. నేను రెండు వారాలు కూర్చుని గీసిన పట్టిక మీద ఒకాయన నూనె చేతులు తుడుచుకుని, ఇంకో కాపీ ఉందిగా అన్నాడు. ఇంకొకాయన మీటింగు జరుగుతున్నంతసేపూ అగ్గిపుల్లతో పళ్లు కుట్టుకుంటూ, ఆ పుల్లను నా ల్యాప్‌టాప్ పక్కన పెట్టేవాడు. ఏ రోజు మార్చాలన్న ప్రశ్న వచ్చినప్పుడు చైర్మన్ పంచాంగం తెప్పించాడు. ఆదివారం మెయిల్ రద్దీ తక్కువ కాబట్టి ఆదివారం మారుద్దామని నేను రాస్తే, ఆ ఆదివారం అమావాస్య అని కొట్టేశారు.

ఎవరికి ఎంత చోటు అన్న దగ్గర మూడు మీటింగులు గడిచిపోయాయి. వాడకాన్ని బట్టి ఇవ్వాలని నేను రాశాను. బావుల గుమాస్తాలు స్కాన్ చేసిన వైద్యం కాగితాలూ ఎక్స్‌రే రిపోర్టులూ పంపుతారు, వాళ్లకే ఎక్కువ కావాలి. అది వినగానే అందరి ముఖాలూ మాడిపోయాయి. క్వార్టర్ హోదాను బట్టి వస్తుంది, కుర్చీకి చేతులు హోదాను బట్టి వస్తాయి, డబ్బా కూడా అలాగే రావాలన్నారు. చివరికి ఉద్యోగ జీవితంలో ఒక్క మెయిల్ తెరవని వాళ్లకు అందరికంటే పెద్ద డబ్బాలు, రోజంతా మెయిల్‌తో చచ్చే బావి గుమాస్తాకు అందరికంటే చిన్నది ఖాయమయ్యాయి. తన కంటే జూనియర్‌కు తనతో సమానంగా చోటిచ్చారని ఒక ఆఫీసరు అలిగి లేచి వెళ్లిపోయాడు. ఆయన డబ్బాలో పోగుపడ్డ చదవని మెయిళ్లను చూపించబోతే సర్వర్ తెరే నిండిపోయింది. నాకు రోత పుట్టింది. అయినా మినిట్స్‌లో ‘సుదీర్ఘ చర్చ అనంతరం ఏకగ్రీవంగా తీర్మానించడమైనది’ అని రాశాను. అలా రాయడం నాకు బాగా అలవాటైపోయింది.

తీసేయాల్సిన డబ్బాల జాబితా కోసం నేను బావి ఆఫీసులన్నీ తిరిగాను. మూతపడ్డ మా బాపు బావి పేరు మీద కూడా ఒక డబ్బా ఉంది. ఆ బావి మూతపడి ఏళ్లయింది. లోపలికి దిగే దారికి గోడ కట్టేశారు. గోడ ముందు తుమ్మచెట్లు పెరిగాయి. కానీ దాని డబ్బాను రోజూ పొద్దున ఎవరో తెరుస్తున్నట్టు సర్వర్ చూపిస్తోంది. ఎవరా అని వెతుక్కుంటూ పోతే పక్క బావి ఆఫీసులో ఒక పెద్దాయన, పాతకాలపు గుమాస్తా, దొరికాడు. అందరూ ఆయన్ను భాయ్ అంటారు. వానాకాలంలో రిటైర్ కావాల్సిన మనిషి. ఆయన టేబుల్ మీద బొగ్గు దుమ్ము లేదు. ఆయన రిజిస్టర్‌లో కొట్టివేతలు లేవు. ఆ ఏడాది నేను చూసిన శుభ్రమైన చోటు అదొక్కటే.

భాయ్ నాకు కుర్చీ తుడిచి వేసి, చాయ్ తెప్పించి, సంగతంతా చెప్పాడు. మెయిల్ కొత్తగా వచ్చిన రోజుల్లో ఈ వైపు నాలుగు బావులకూ కలిపి ఆ ఒక్క బావిలోనే కంప్యూటర్ ఉండేదట. దాన్ని నడపడం తెలిసింది ఆయనకొక్కడికే. అందుకని దవాఖాన వాళ్లు నాలుగు బావుల మనుషులనూ బోర్డుకు పిలిచే కాగితాలు ఆ ఒక్క డబ్బాకే పంపడం మొదలుపెట్టారు. తర్వాత అన్ని బావులకూ కంప్యూటర్లు వచ్చాయి. ఆ బావి మూతపడింది. అయినా దవాఖానలో ఎవరూ చిరునామా మార్చలేదు. మొదటి అక్షరం కొట్టగానే అక్కడి కంప్యూటర్లో అదే వచ్చి కూర్చుంటుంది, వాళ్లు నొక్కేస్తారు. భాయ్ ఆఫీసు మారాక కూడా రోజూ పొద్దున ఆ డబ్బా తెరిచి, ప్రింటు తీసి, హాజరు వేసే మస్టర్ దగ్గరికి వెళ్లి, మనిషిని పేరు పెట్టి పిలిచి చేతికిచ్చేవాడు. చదవడం రానివాళ్లకు తేదీ చదివి వినిపించేవాడు. అది ఆయన డ్యూటీ అని ఏ కాగితంలోనూ లేదు.

“బాయి బందైంది గాని డబ్బా బంద్ కాలే బిడ్డా. నాలుగు బాయిల మనుషుల కాయితాలు దీంట్లనే పడ్తయ్. నేను దిగిపోయినంక గూడ దీన్ని ఎవలన్న చూడాలె. ముట్టకుండ్రి.”

నేను ఆ రోజు సాయంత్రమే ఇదంతా నోట్ రాశాను. ఆ డబ్బా ఉంచాలని, లేదంటే కనీసం దానికొచ్చే మెయిళ్లు పక్క బావి డబ్బాలో పడేలా మళ్లించాలని, ఈ విషయం తేల్చడానికి దవాఖాన నుంచి ఎవరైనా మీటింగుకు రావాలని అడిగాను. దవాఖాన తరఫున కమిటీలో ఉన్నాయన అప్పటిదాకా ఒక్క మీటింగుకూ రాలేదు. ఒకసారి తన బదులు ఇంకొకరిని పంపితే, ఆ మనిషి బజ్జీలు తిని, హాజరు పట్టీలో సంతకం పెట్టి వెళ్లిపోయాడు. చైర్మన్ నా నోట్ సగం చదివి కళ్లజోడు తీశాడు.

“మూసేసిన గనికి ఉత్తరాలు ఎవరు రాస్తారమ్మా, దయ్యాలా?”

అందరూ నవ్వారు. పళ్లు కుట్టుకునే ఆయన మరీ పొట్ట పట్టుకుని నవ్వాడు. లేని గనికి డబ్బా నడుపుతున్నామని హెడ్డాఫీసుకు తెలిస్తే పరువు పోతుందని చెప్పి, చైర్మన్ నా నోట్ మీద ఎర్ర పెన్నుతో ఈ మూల నుంచి ఆ మూలకు ఒక గీత గీశాడు. ఆ డబ్బా తీసేయాల్సిన జాబితాలోకి ఎక్కింది.

మెయిళ్లు మళ్లించడానికి నాకు రెండు నిమిషాలు చాలు. ఎవరినీ అడగకుండా చేసినా ఎవరికీ తెలిసేది కాదు. నేను చేయలేదు. అప్పటికి ఆ నవ్వులూ ఆ నూనె చేతులూ చూసి చూసి నా మనసు విరిగిపోయింది. చెప్పాల్సింది చెప్పాను, ఇక చావనీ, వాళ్లే అనుభవిస్తారు అనుకున్నాను. అనుభవించేది వాళ్లు కాదని నాకు తట్టలేదు. తట్టలేదని రాయడం కూడా అబద్ధమే. కాక గుర్తొచ్చాడు. ఆయన కాగితం డబ్బా తీసేసేలోగానే వచ్చేస్తుందిలే అని సర్దిచెప్పుకున్నాను. జాబితా శుభ్రంగా టైపు చేసి, కింద మొదటి సంతకం నేనే పెట్టాను. కొత్త సర్వర్ పనిచేయకపోతే పాతదానికి ఎలా తిరిగి రావాలో ప్లానులో మూడు పేజీలు రాశాను. ఆ మూడు పేజీలు చూసి హెడ్డాఫీసు వాళ్లు మెచ్చుకున్నారు కూడా.

వానలు పడుతున్న రోజుల్లో భాయ్ దిగిపోయాడు. మా దగ్గర రిటైర్ కావడాన్ని అలాగే అంటారు. బావి ఆఫీసు ముందు టెంటు వేసి, శాలువా కప్పి, దండలు వేశారు. ఆయన మెడలో దండలతోనే నన్ను పక్కకు పిలిచి డబ్బా సంగతి ఏమైందని అడిగాడు. అంతా చూసుకుంటున్నామని చెప్పాను. ఇక తనకు ఫికర్ లేదని నా నెత్తి మీద చెయ్యి పెట్టాడు. ఆ అరచేతి బరువు నాకు ఇంకా తెలుస్తుంది.

పంచాంగం ఒప్పుకున్న రోజున సర్వర్ మార్చాం. చైర్మన్ కొబ్బరికాయ కొట్టి, మిషన్‌కు బొట్టు పెట్టాడు. కుంకుమ నీళ్లు ఫ్యాను జాలీలోకి కారకుండా నేను చున్నీ అడ్డం పెట్టాను. గ్రూపు ఫొటో దిగారు. గోడ మీది మరక కనబడకుండా ముందు ఇద్దరిని నిలబెట్టారు. ఇక ఏ బావి మనిషికి ఏ డబ్బాకు మెయిల్ పంపాలో చెప్పే కొత్త పట్టికను దవాఖానకు ఎలా పంపామంటే, ప్రింటు తీసి తపాలాలో పంపాం. అక్కడ ఎవరో ముద్ర వేశారు, ఎవరో గీత గీకారు, ఫైల్లో పెట్టేశారు. ఎవరి కంప్యూటర్లోనూ ఒక్క చిరునామా మారలేదు.

తర్వాతి వారాల్లో నా టేబుల్ మీద ఫిర్యాదులు పోగుపడ్డాయి. పొద్దున్నే వచ్చే శుభోదయం పూల బొమ్మలు ఫోన్లో కనబడటం లేదని సార్లు ఒకరి తర్వాత ఒకరు మనుషులను పంపారు. ఒకాయనకు తన డబ్బా రంగు నచ్చలేదు. నేను గదుల వెంట తిరిగి వాళ్ల ఫోన్లు తుడిచి, వాళ్ల పూలు వాళ్లకు చూపించాను. బతుకమ్మ మొదలైంది. కాక అడుగుతూనే ఉన్నాడు. దసరా రోజు సాయంత్రం జమ్మి ఆకు నా చేతిలో పెట్టి, ఆయాసం ఆగేదాకా నిలబడి, అప్పుడు కూడా అదే మాట అడిగాడు. ఈ వారంలో వస్తుందని చెప్పాను. నాకేం తెలుసని చెప్పానో నాకే తెలియదు.

దసరా అయిన రెండో రోజు కాక తనే దవాఖానకు వెళ్లాడు. అక్కడ వాళ్లు చెప్పింది విని నేరుగా మా ఆఫీసుకు వచ్చి నా ఎదుట నిలబడ్డాడు. ఆయన్ను పోయిన నెలలోనే బోర్డుకు పిలిచారట. రానందుకు గైర్హాజరు వేశారట. మళ్లీ బోర్డు కూర్చునేది ఆయన గడువు దాటాకే. కాక ముఖంలో కోపం లేదు. తను ఎక్కడ తప్పు చేశాడో అర్థం కాని మనిషిలా ఉన్నాడు.

ఆయన్ను నా స్కూటీ మీదే ఎక్కించుకుని దవాఖానకు వెళ్లాను. అక్కడి గుమాస్తా రిజిస్టర్ తీసి చూపించాడు. కాకను పిలిచే మెయిల్ మూతపడ్డ బావి డబ్బాకే పంపారు. ఆ డబ్బా లేదు, మెయిల్ చేరలేదు అని కొత్త సర్వర్ అదే నిమిషంలో తిరిగి చెప్పింది. మిషన్ తన పని సరిగ్గానే చేసింది. చేరలేదు అని వచ్చిన ఆ కబురును గుమాస్తా ప్రింటు తీశాడు. ఇన్‌వర్డ్ నంబరు వేశాడు. పై ఆఫీసరు ఎర్ర పెన్నుతో గీత గీకి ‘కంప్యూటర్ సెక్షన్’ అని రాశాడు. మనిషికి కబురు అందలేదని అరిచి చెబుతున్న కాగితం అన్ని చేతులు దాటి తపాలాలో మా ఆఫీసుకు వెళ్లింది. ఒక్కరూ చదవలేదు. మీకు పంపించాం కదా మేడం అని గుమాస్తా పంపిన తపాలా లెక్క రాసే రిజిస్టర్ కూడా చూపించాడు. అతని మీద నాకు ఒళ్లు మండిపోయింది. నానా మాటలు అన్నాను. కాకే నా చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చాడు. తప్పు ఆయనది కాదని, కబురు చేరలేదని రాసి ఉన్న కాగితమే ఉందని దారిలో ఆయనకు చెప్పాను.

ఆఫీసుకు వచ్చి కాకను బయట బెంచీ మీద కూర్చోబెట్టి, నా బీరువా తెరిచాను. ఫైల్లో ఆ కాగితం ఉంది. విషయం అన్న చోట కాక పేరు, ఆయన నంబరు, బోర్డు తేదీ. బోర్డుకు ఇంకా పన్నెండు రోజులు ఉండగానే అది మా సెక్షన్‌కు వచ్చింది. ఎర్ర గీత పక్కన నీలం సిరాతో ఇంకో గీత ఉంది. దాని కింద ‘చూశాను’ అని నా చేతిరాత.

సార్ల పూల బొమ్మల కోసం తిరుగుతున్న ఆ వారంలో తపాలా కట్ట మొత్తం ఒక్క ఊపున గీకి పడేశానన్నమాట. ఏడాదంతా ఎవరిని చూసి ముక్కు మూసుకున్నానో వాళ్ల గీతకూ నా గీతకూ సిరా రంగులోనే తేడా. నా మీద నాకు అసహ్యం వేసింది.

గడువుకు ఇంకా కొద్ది రోజులు ఉన్నాయి. కాకను ప్రత్యేకంగా బోర్డుకు పంపాలని, సాంకేతిక కారణాల వల్ల ఆయనకు కబురు చేరలేదని నోట్ రాసి చైర్మన్‌కు పెట్టాను. అది మర్నాడే తిరిగొచ్చింది. మా ఆఫీసులో అంత త్వరగా ఏ కాగితమూ తిరిగి రావడం నేను చూడలేదు. సాంకేతిక కారణం ఏమిటో, బాధ్యులు ఎవరో వివరించి మళ్లీ పంపమని మూల మీద ఎర్ర పెన్నుతో రాసి ఉంది. చాంబర్‌కు వెళ్తే ఆయన కమిటీ ఫైలు ముందే తెరిచి పెట్టుకుని ఉన్నాడు.

“వివరించండమ్మా, నేను వద్దనను. జాబితాలో మొదటి సంతకం మీదే కదా.”

ఆయన గీత గీసిన నా పాత నోట్ ఆ ఫైల్లో లేదు. మినిట్స్‌లో దాని ఊసు లేదు. తీసేసే డబ్బాల జాబితాను ఏకగ్రీవంగా ఆమోదించడమైనదని మాత్రం ఉంది. మినిట్స్ రాసింది నేనే. ఇక వివరించడమంటే నా ఒక్కదాని పేరు రాయడం. నీలం సిరాతో గీత ఉన్న కాగితాన్ని దానికి జతచేయడం. అలా చేస్తే కాకను బోర్డుకు పిలిచేవాళ్లేమో. నాకు మెమో వచ్చేది, ఎంక్వైరీ పడేది, ఏమైనా జరిగేది. ఇది మా బాపు ఊపిరి పెట్టి తెచ్చిన ఉద్యోగం అని నాకు నేను చెప్పుకున్నాను. నోట్‌ను సొరుగులో పెట్టాను. రేపు వివరిద్దాం అనుకున్నాను. అలా అనుకుంటూ ఉండగానే నెలాఖరు వచ్చి పోయింది.

ఆ తర్వాత కాక గేటు దగ్గర నిలబడటం మానేశాడు. చాలా రోజులకు ఒక పూట ఆఫీసుకే వచ్చాడు. మెట్లెక్కి వచ్చిన ఆయాసం తగ్గేదాకా నా టేబుల్ పట్టుకుని నిలబడ్డాడు. కూతురు ఆయనతో మాట్లాడటం లేదట. బోర్డుకు పిలిచినా ఆయనే పోలేదని, తన కొలువు వదులుకోవడం ఇష్టం లేక ఇంట్లో దాచిపెట్టాడని ఆ పిల్ల అనుకుంటోందట. దవాఖాన రిజిస్టర్‌లో గైర్హాజరు అని రాసి ఉంది కదా, లైనంతా అదే అంటోందట.

“నాకు కబురు రాలేదని రాసి ఉన్న కాయితం ఉందన్నవు గద. అది ఒకటి ఇయ్యి బిడ్డా. మా పిల్లకు సూపిస్త.”

ఆ కాగితం చెయ్యి చాస్తే అందేంత దూరంలో, నా వెనక బీరువాలో ఉంది. నేను అటు తిరగలేదు. దవాఖానకు ఫోన్ చేసి, చేరలేదన్న ఆ మెయిల్‌ను నా డబ్బాకు పంపమన్నాను. కొత్త సర్వర్ చాలా వేగం, ఫోన్ పెట్టేలోపే వచ్చేసింది. ప్రింటు తీశాను. తెల్లటి కాగితం. దాని మీద ముద్ర లేదు, నంబరు లేదు, ఏ మూలనా ఏ గీతా లేదు.

కాక దాన్ని రెండు చేతులతో అందుకుని తన పేరు ఎక్కడుందని అడిగాడు. వేలు పెట్టి చూపించాను. ఆయన కూడా అక్కడ వేలు పెట్టి చూసుకున్నాడు. జాగ్రత్తగా నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో దాచుకున్నాడు.

“నువ్వుండబట్టి దొరికింది బిడ్డా. లేకుంటె నాకు ఎవలిత్తరు?”

ఆయన మెట్లు దిగుతూ రెండుచోట్ల ఆగాడు. నేను కుర్చీలోంచి లేవలేదు. అసలు కాగితం ఇప్పటికీ నా బీరువాలోనే ఉంది. తాళంచెవి నా బ్యాగులో ఉంటుంది.